‘అమ్మ’ కింద ఒత్తు

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో పార్వతీపురం మన్యం జిల్లాకు చెందిన ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకీ, తోటి మాస్టార్లకీ, టీచర్లకీ, వెనక వరుసల్లో కూర్చున్న డి.ఎడ్. విద్యార్థులకీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు, “ఈమధ్యే తల్లయ్యారు కదా, ఒకటో తరగతి కూడా మీదే కదా, ఆ రెండూ కలిపి మాట్లాడండి మేడమ్” అన్నారు. సరే అన్నాను. తర్వాత ఆహ్వాన పత్రం చూస్తే అందులో నా పేరు కింద ‘ఉపాధ్యాయిని, రెండో అమ్మ’ అని ఉంది. వేసినవాళ్లు అభిమానంతోనే వేశారు, తెలుసు. కానీ దాని సంగతి ముందు తేల్చుకుని తర్వాత మిగతాది మాట్లాడతాను.

నేను నా కూతురికి అమ్మని. బడిలో పిల్లలకి టీచర్ని. వాళ్లకి ఎవరి అమ్మలు వాళ్లకున్నారు. చీకటితోనే లేచి, వండిపెట్టి, జీడితోటకో నాట్లకో పోయి, పొద్దుగూకేక ఇంటికొచ్చే అమ్మలు. ఆ చోటు నాకక్కర్లేదు. పైగా మగ మాస్టార్లని ‘రెండో నాన్న’ అని ఏ ఆహ్వాన పత్రంలోనూ వేయరు. (నవ్వులు) ఎందుకు వేయరంటే, వాళ్లది ఉద్యోగం, మాది మనసు అని ఎక్కడో అనుకుంటున్నాం కనుక. అమ్మ మనసుంటే చాలు, చిన్నపిల్లలకి చదువు దానంతటదే వచ్చేస్తుందని. రాదండీ. నా కూతురి మీద నాకెంత ప్రేముంటే మాత్రం, ఆ ప్రేమ వల్ల దానికి ‘మ’కీ ‘వు’కీ తేడా తెలిసిపోదు. అది పని తెలిసినవాళ్లు కూర్చోబెట్టి నేర్పాల్సిందే.

అలాగని తల్లితనానికీ చదువు చెప్పడానికీ సంబంధమే లేదని కూడా అనను. ఒక మగాయన్ని ‘అమ్మ’ అని పిలిచిన సందర్భం ఉంది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని, 1885లో పుట్టారు, వృత్తిరీత్యా వకీలు. 1913లో కొడుకు పుట్టాక, వీణ్ణి ఎలా చదివించాలి అన్న ఆలోచన ఆయన్ని పట్టుకుంది. ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరీ పిల్లల చదువుకి తెచ్చిన పద్ధతి గురించి చదివారు. చివరికి వకాలత్తు వదిలేశారు. 1920లో భావనగర్‌లో బాలమందిరం మొదలుపెట్టారు. ఆయన్ని ‘మూఛాళీ మా’ అనేవాళ్లు, మీసాలున్న అమ్మ అని. అది ఆయన చేసే పని చూసి వచ్చిన పిలుపు, ఆహ్వాన పత్రంలో అచ్చేసింది కాదు. బిడ్డ పుట్టడం ఆయన్ని టీచర్ని చేసింది. నా విషయంలో వరస తిరగబడింది. ముందు టీచర్ని, తర్వాత తల్లిని. అందుకని ఉయ్యాల్లో పిల్లని కూడా టీచరు కళ్లతోనే చూశాను. మా అత్తగారు దానికి నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తారు. “పిల్ల ఏడిస్తే పాలివ్వు, నోట్సు రాసుకోకు” అంటారు.

ఎనిమిదో నెల దాకా బడికెళ్లాను. ఒకటి, రెండు తరగతులు. పొద్దుట్నించి సాయంత్రం వరకు క, కా, కి, కీ. “పుట్టగానే మీ పాప గుణింతం అప్పజెప్పేస్తుంది చూడండి” అని మా హెచ్.ఎం. గారి జోకు. అప్పజెప్పలేదు లెండి. కానీ కడుపులో ఉన్న బిడ్డ వింటుందన్నది మాత్రం జోకు కాదు. 1980లో అమెరికాలో డీకాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు, పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లల మీద ఒక పరిశీలన చేశారు. పిల్ల నోట్లో పాలపీక లాంటిది పెట్టారు. ఒక రకంగా చప్పరిస్తే తల్లి గొంతు వినిపిస్తుంది, ఇంకో రకంగా చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు. పిల్లలు తల్లి గొంతు వచ్చేటట్టే చప్పరించారు. కళ్లు సరిగా నిలవని వయసులో చెవి అప్పటికే పనిలో ఉంది.

దీనికన్నా మన పనికొచ్చేది ఇంకొకటుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనేవాళ్లు, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో పిల్లలకి హిందీ ‘త’, ‘ట’ వినిపించారు. ఆ తేడా ఇంగ్లీషు వాళ్లకి ఉండదు, పెద్దవాళ్లకి వినిపించడం కష్టం. కానీ ఆరు, ఎనిమిది నెలల పిల్లలు తేడా ఇట్టే పట్టారు. ఏడాది దగ్గర పడేసరికి అదే పట్టు సడలిపోయింది. ఇంట్లో అవసరం లేని తేడాని చెవి వదిలేసిందన్నమాట. చెవి చెడిపోలేదు. తన ఇంటి భాషకి అమరిపోయింది.

ఇది చదివాక మా బడి పిల్లల డిక్టేషన్ పుస్తకాలు నాకు వేరేగా కనబడ్డాయి. మాది ఏజెన్సీ అంచున ఉన్న ఊరు. కొందరిళ్లలో సవర, కొందరిళ్లలో ఒడియా, మిగతావాళ్లది మన శ్రీకాకుళం వైపు తెలుగు. తెలుగు ఇళ్లలో కూడా ‘భ’, ‘ధ’ ఒత్తి పలికేవాళ్లు ఎంతమంది? నేను ‘భారతం’ అంటే పిల్ల ‘బారతం’ అని రాసింది. తను విన్నది తను రాసింది. ఎర్ర సిరాతో గుండ్రం చుడితే ఆ పిల్లకి తెలిసేది ఏమిటి? ‘నా చెవి తప్పు’ అని. లేదా ‘మా ఇల్లు తప్పు’ అని. దానికన్నా అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని ‘బ’ అనమనండి, తర్వాత ‘భ’ అనమనండి. ‘భ’కి చేతికి గాలి తగులుతుంది. పిల్లలకి అదొక ఆట. ఒకరి నోటి ముందు ఒకరు చెయ్యి పెట్టుకుని పగలబడి నవ్వుతారు. ఆ నవ్వులు అయ్యాక రాయించండి.

ఇవాళ ఎవరి జయంతని ఇక్కడ కూర్చున్నామో ఆయన చేసిందీ ఇదే. గిడుగు రామమూర్తి గారంటే వాడుక భాష, వ్యావహారికోద్యమం అని చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. ఒక మాస్టారుగా ఆయన చేసిన పని మాత్రం మనకి ఇంకా దగ్గరిది. పర్లాకిమిడిలో చదువు చెప్పుకుంటూ సవర నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాళ్ల మాటల్లో పుస్తకాలు తయారుచేశారు, బళ్లు పెట్టించారు. పిల్లలు ఎప్పుడు మన భాషలోకి వస్తారా అని గుమ్మంలో కూర్చోలేదు, తనే వాళ్ల భాషలోకి నడిచి వెళ్లారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆరేడు నెలలప్పుడు మా పాప ‘తతతత’ అనడం మొదలుపెట్టింది. మా మామగారు మంచం మీంచి లేచి కూర్చున్నారు. “తాత అంటోంది!” ఆయనకి వీధంతా తిరిగి చెప్పుకునే విషయం అది. నిజానికి ఆ వయసు పిల్లలందరూ ఏ భాషవాళ్లైనా ‘బబబ’, ‘తతత’, ‘మమమ’ అంటారు. తాతని పిలవాలని కాదు, నోరు ఆడుతోంది అంతే. ఆ సంగతి నాకు తెలుసు, నోరు మూసుకుని ఊరుకున్నాను. ఎందుకంటే మామగారు చేసిందే సరైన పని. ఆయన ఎదురుగా కూర్చుని “ఏం తాతా? ఏటి కావాలమ్మా?” అన్నారు. పాప మళ్లీ ‘తత’ అంది. ఆయన మళ్లీ జవాబు చెప్పారు. ఇలా రోజూ. కొన్నాళ్లకి ఆ శబ్దం ఆయన్ని చూసినప్పుడే రావడం మొదలైంది. అర్థంలేని ధ్వనికి ఆయన జవాబిస్తూ పోతే, దానికి అర్థం పుట్టింది.

ఆయన ఒక్కసారి కూడా “‘తత’ కాదు, ‘తాత’. దీర్ఘం ఏదీ? ఇంకోసారి చెప్పు” అనలేదు. (నవ్వులు) ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. మాట నేర్చుకుంటున్న పిల్లకి ముందు జవాబిస్తాం, ఆ జవాబులోనే సరైన మాట వినిపిస్తాం. అదే పిల్లకి ఆరేళ్లొచ్చి, పలకా బలపం పట్టుకుని రాత నేర్చుకోవడానికి వస్తే మాత్రం, మనం ముందు దిద్దుతాం. చాలాసార్లు జవాబివ్వడం అన్నదే ఉండదు.

కాన్పు సెలవు అయిపోయి బడికెళ్లాక ఒకటో తరగతిలో ఒక అబ్బాయి పలక మీద రాసి తెచ్చాడు. ‘మక ఈనద’. మీరైతే ఏం చేస్తారు? డి.ఎడ్. వాళ్లు చెప్పండి. (వెనక నుంచి ఎవరో ఏదో అన్నారు) ఆఁ, “ఏత్వం లేదు, గుడి లేదు, సున్నా లేదు”, కరెక్టే. మూడు రకాల తప్పులు. కానీ ముందు చూడండి, ఆ పిల్లాడు ఏం చేశాడో. మేక ఈనింది. ఆ రాత్రి వాళ్లింట్లో అంతకన్నా పెద్ద వార్త లేదు. ఆ వార్త నాకు చెప్పాలనుకున్నాడు. నోటితో కాదు, రాసి చెప్పాలనుకున్నాడు. ‘మ’ పట్టాడు, ‘క’ పట్టాడు, ‘ఈ’ అని మొదటి అక్షరం దీర్ఘంతో సహా పట్టాడు, ‘న’, ‘ద’ పట్టాడు. హల్లుల్లో ఒక్కటీ వదల్లేదు. వదిలేసినవి గుర్తులు. తెలుగు రాయడం మొదలుపెట్టిన పిల్లలు ముందు వదిలేది అదే. అక్షరం నిలబడుతుంది, దాని మీదా పక్కనా ఉండే గుర్తు జారిపోతుంది.

నేను అడిగాను, “ఎన్ని పిల్లలు పెట్టింది?” అని. వాడు పలక లాక్కుని వెళ్లి కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి కింద ఇంకో వరస ఉంది, ‘రడ పలల’. రెండు పిల్లలు. “ఏ రంగు?” అన్నాను. ‘ఒకట నలద’. ఇంత రాసిన పిల్లాడు అంతకుముందు చూచిరాత తప్ప ఏదీ రాయలేదు. అప్పుడు ఆ మూడు వరసల్లో ఒకే ఒక్క సంగతి తీసుకున్నాను. నల్లబల్ల మీద ‘మక’ అని రాసి, పక్కన ‘మేక’ అని రాసి, రెండూ పైకి చదివాను. వాడు నవ్వాడు. ‘మక’ అంటే ఏమీ కాదని వాడికే తెలిసింది. ఏత్వం తనే పెట్టాడు. గుడి, సున్నా ఆ రోజు ముట్టుకోలేదు. అవి ఎక్కడికీ పోవు, రేపో ఎల్లుండో ఇంకో వార్తలో దొరుకుతాయి.

నేను చెప్పదలచుకున్నది ఇంతే: ముందు జవాబు, తర్వాత దిద్దుబాటు. దిద్దొద్దు అనడం లేదు. ఈ మాట కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి మాటలు విని కొందరు “పిల్లల్ని స్వేచ్ఛగా వదిలేస్తే వాళ్లే నేర్చుకుంటారు” అన్న చోటికి వెళ్లిపోతారు. మాట అలా వస్తుంది. అక్షరం అలా రాదు. మాట్లాడే మనుషుల మధ్య పెరిగితే పిల్లకి మాట వస్తుంది. పుస్తకాల మధ్య పెరిగినంత మాత్రాన చదువు రాదు. అక్షరం మనుషులు కల్పించుకున్నది. దాన్ని ఒకరు చూపించాలి, మళ్లీ చూపించాలి, రోజూ కొంచెం కొంచెం చేయించాలి. పల్లెల్లో పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో కొలిచే అసర్ నివేదిక 2024 చూడండి. దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. నలుగురిలో ఒక్కరు కూడా లేరు. చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ 2021 జూలైలో మొదలైంది, 2026–27కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లా చదవాలని లక్ష్యం. లక్ష్యం మంచిదే. కానీ దాన్ని అందుకోవాల్సిన పిల్లలకి రోజూ జవాబు చెప్పే మనిషి ఉన్నాడా లేడా అన్నదే నా ప్రశ్న.

మన లిపి సులువు కూడా, కష్టం కూడా. సులువెందుకంటే, రాసినట్టు చదువుతాం. ఇంగ్లీషులా ఒకటి రాసి ఇంకొకటి పలకం. కష్టమెందుకంటే, చూసి గుర్తుపట్టాల్సిన రూపాలు చాలా ఎక్కువ. ఒక్కో హల్లుకి గుణింతం, దానికి తోడు ఒత్తులు. గుణింతంలోనూ నిలకడ ఉండదు. ‘కు’కి కొమ్ము పక్కన వస్తుంది, ‘పు’కీ ‘వు’కీ కిందనుంచి మొదలవుతుంది. ‘మొ’ రాయాలంటే ‘మె’ రాసి కొమ్మిస్తాం, ‘కొ’కి అలా కాదు. పెద్దవాళ్లకి ఇవి కనబడవు, అలవాటైపోయాయి. పిల్లకి మాత్రం ప్రతిదీ కొత్త చిక్కు. గుణింతం పాటలా పాడించడం మన బళ్లలో అలవాటు. పాడించండి, నాకూ ఇష్టమే. కానీ పాట మధ్యలో ఆపి ‘టొ’ ఒక్కటే చూపించి అడగండి. చాలామంది మనసులో ‘ట’ దగ్గర మొదలెట్టి పాడుకుంటూ అక్కడికి వస్తారు. అంటే పాట వచ్చింది, ‘టొ’ ఇంకా రాలేదు.

ఇంకోటి చూడండి. తెలుగు పిల్లకి మొట్టమొదట రాయాలనిపించే మాటలు ఏవి? అమ్మ, నాన్న, అక్క, అన్న, తమ్ముడు, చెల్లి, అత్త, అమ్మమ్మ. అన్నిటికీ ఒత్తులే! మన పద్ధతిలో ఒత్తులు ఎప్పుడొస్తాయి? అక్షరాలయ్యాక, గుణింతాలయ్యాక, అన్నిటికన్నా ఆఖర్న. ముందు తల, వల, పడవ, గడప. పిల్ల ఏళ్లుగా రోజూ పిలుస్తున్న మనిషి పేరు రాయడానికి నెలల తరబడి ఆగాలి. పైగా ‘త’, ‘న’, ‘మ’, ‘య’, ‘ర’, ‘ల’ ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. వరస మార్చేయమనను, దానికో కారణముంది, తేలిక నుంచి కష్టానికి వెళ్లాలి. కానీ వరస పాఠానిది, పిల్లది కాదు. ‘అమ’ అని రాసి తెస్తే, “ఒత్తులు ఇంకా చెప్పలేదుగా, ఇప్పుడెందుకు?” అనకండి. ‘మ’ కింద ఒత్తు పెట్టి చూపించండి. “ఇది మీ అమ్మ ఒత్తు” అనండి. మా తరగతిలో ‘మ’ ఒత్తుని ఇప్పటికీ అమ్మ ఒత్తు అనే అంటారు, ‘న’ ఒత్తు నాన్న ఒత్తు, ‘క’ ఒత్తు అక్క ఒత్తు. ఒత్తుల పాఠం వచ్చేసరికి సగం వాళ్ల ఇంట్లోవాళ్లే అయిపోయి ఉంటారు.

చేతి సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషు పెద్దక్షరాలు గీతలు, మనవి గుండ్రాలు. ఆరేళ్ల వేళ్లకి గుండ్రం తిప్పి మొదలుపెట్టిన చోటికి తేవడం అంత తేలిక కాదు. మా పాప ఇప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి నేల మీద పడ్డ మరమరాలు ఏరుతుంది. గంటసేపు అదే పని. రేపు బలపం పట్టాల్సిన వేళ్లు అవే. మన వీధిబళ్లలో ఇసుకలో రాయించేవాళ్లు. 1789 నుంచి మద్రాసు ఎగ్మోరులో అనాథ పిల్లల బడి చూసుకుంటున్న ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ ఆయన అలా ఇసుకలో రాస్తున్న పిల్లల్ని చూసి ఆ పద్ధతిని తన బడిలో పెట్టాడు. తర్వాత ఇంగ్లండు వెళ్లి ‘మద్రాసు పద్ధతి’ అని ప్రచారం చేశాడు. మన ఇసుకే, పేరు వాళ్లది. బాసరలో పళ్లెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయిస్తాం కదా, ఆ బియ్యాన్ని ఒక్క రోజుకి పరిమితం చేయకండి. మా తరగతిలో పాత పళ్లెంలో జల్లించిన ఇసుక ఎప్పుడూ ఉంటుంది. తప్పు రాస్తే చెయ్యి ఆడిస్తే పోతుంది, కొట్టివేత గుర్తు ఉండదు.

మాంటిస్సోరీ గరుకు కాగితంతో అక్షరాలు చేసి వేలితో తడిమించింది, చదవడానికి ముందే రాత వస్తుందంది. ఆవిడ పేరు టీచర్లందరికీ తెలుసు. 1939లో మద్రాసు అడయార్ వచ్చి, యుద్ధం వల్ల ఇండియాలోనే ఉండిపోయి, మన టీచర్లకి శిక్షణ ఇచ్చింది. ఆవిడ తల్లి అన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. 1898లో కొడుకు పుట్టాడు, మారియో. పెళ్లి కాలేదు. సంగతి బయటపడితే డాక్టరుగా, పండితురాలిగా ఆవిడ బతుకు ముగిసిపోయినట్టే. పిల్లాణ్ణి వేరే కుటుంబం దగ్గర ఉంచి పెంచారు. ప్రపంచంలో పిల్లలందరి చదువు గురించి ఆలోచించిన మనిషి, సొంత బిడ్డ చిన్నతనం దూరం నుంచి చూసింది. తర్వాత ఆ కొడుకే ఆవిడతో పాటు మద్రాసు వచ్చాడు, ఆవిడ పనిలో సగం మోశాడు. నేనిది జాలి కోసం చెప్పడం లేదు. పని చేసే తల్లికి ఆ రోజుల్లో చోటు లేదు, అందుకు చెబుతున్నాను. ఇప్పుడుందా? కొంత ఉంది.

మనకి 180 రోజుల కాన్పు సెలవుంది. వేరే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి 2017 చట్టం 26 వారాలిచ్చింది. బయట కూలికెళ్లే మన పిల్లల తల్లులకి అదీ లేదు, ఆ లెక్కన నేను అదృష్టవంతురాలినే. కానీ సెలవు నాకిచ్చారు, నా తరగతికి ఎవరినిచ్చారు? విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. ఆ ఇద్దర్లో ఒకరు కాన్పుకెళ్తే మిగిలిన ఒక్కరు ఐదు తరగతులూ చూడాలి. అక్షరాలు నేర్చుకునే పిల్లలు ఐదో తరగతి పక్కన కూర్చుని చూచిరాత రాసుకుంటారు. ఒకటో తరగతిలో ఆర్నెల్లంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఇది తల్లి సెలవు తీసుకోవడం వల్ల వచ్చిన నష్టం కాదు. బదులు మనిషిని పంపకపోవడం వల్ల వచ్చింది. ఈ రెండూ వేరువేరని మనం గట్టిగా అనాలి, లేకపోతే పెళ్లికాని టీచర్నే వెయ్యండని ఊళ్లోవాళ్లే అడుగుతారు. అడిగిన ఊళ్లున్నాయి.

తిరిగి బడికొచ్చాక సంగతులు కూడా కొన్ని చెప్పాలి, మగవాళ్లు కొంచెం ఓపిక పట్టండి. (నవ్వులు) పాలిచ్చే తల్లికి ఏ పిల్ల ఏడుపు విన్నా పాలు చేపుకొస్తాయి. అది మన అదుపులో ఉండదు. ఒకటో తరగతిలో జూన్ నెలలో ఏడవని పిల్లలుంటారా? ఒకరు మొదలెడితే నలుగురు అందుకుంటారు. నల్లబల్ల వైపు తిరిగి రాస్తున్నాను, జాకెట్టు తడిసిపోతోంది. చున్నీయో కొంగో అడ్డం. మధ్యాహ్నానికి రొమ్ములు గట్టిపడి జ్వరం వచ్చినట్టుంటుంది. పాలు పిండుకోవడానికి చోటేది? బియ్యం బస్తాలు పెట్టే గది ఉంది, దానికి లోపల గడియ లేదు. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ గుమ్మంలో కత్తిపీట వేసుకుని కూర్చుని కూరలు తరిగేది, ఎవరూ రాకుండా. ఎవరూ చెప్పలేదు ఆవిడకి. ఆవిడ ముగ్గురు పిల్లల తల్లి. పిండిన పాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలకి మించి ఉంచకూడదు, ఫ్రిజ్ లేదు, కాబట్టి ఇంటికి పంపే దారి లేదు. పారబోయాల్సిందే. యాభై మంది ఉద్యోగులున్న చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలని ఆ 2017 చట్టం చెప్పింది. ఇద్దరున్న బడి ఏ లెక్కలోకి వస్తుంది? అంగన్‌వాడీ పక్కనే ఉంది గానీ పిల్లని కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండాకే. ఆర్నెల్ల నుంచి మూడేళ్ల వరకు పిల్లని చూసేది అత్తగారో, అమ్మో, లేకపోతే పెద్దకూతురో.

పెద్దకూతురంటే గుర్తొచ్చింది. నాలుగో తరగతిలో ఒక అమ్మాయి వారానికి రెండు రోజులు వచ్చేది. వాళ్లమ్మ కూలికెళ్తే తమ్ముణ్ణి ఈ పిల్లే ఎత్తుకోవాలి. నాలుగో తరగతికొచ్చినా కూడబలుక్కుని చదివేది, గట్టిగా చదవమంటే తల దించుకునేది. “తమ్ముణ్ణి కూడా తెచ్చేయి” అన్నాను. మా హెచ్.ఎం. గారు మంచివారు, చూసీ చూడనట్టు ఊరుకున్నారు. చాప మీద వాణ్ణి కూర్చోబెట్టి, పక్కన బొమ్మల కథల పుస్తకం పెట్టుకుని ఈ పిల్ల వాడికి చదివి వినిపించడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. వాడికి ఏం అర్థమవుతుంది? పేజీ నోట్లో పెట్టుకునేవాడు. కానీ ప్రతి పేజీకి ‘ఊఁ’ అనేవాడు, బొమ్మ మీద కొట్టేవాడు. ఒకే పుస్తకం రోజూ. తప్పు చదివితే వాడు ఆపడు, నవ్వడు, పక్కవాళ్లని పిలవడు. సంక్రాంతి సెలవులయ్యేసరికి ఆ పుస్తకం గలగలా చదివింది. కొత్త పుస్తకం ఇస్తే దాన్నీ పట్టుకుంది. ఆ పిల్లకి చదువు చెప్పింది నేనని మాత్రం చెప్పను. నేను చాప వేశాను.

దీనికి కూడా ఒక పరిశీలన ఆధారముంది. 2003లో అమెరికాలో పట్రీషియా కూల్ బృందం, తొమ్మిది నెలల పిల్లలకి చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించి, పుస్తకం చూపించి మాట్లాడిన పిల్లలు ఆ భాష ధ్వనుల తేడా పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో చూసిన పిల్లలు పట్టలేదు. మొన్న ఒక శిక్షణలో అక్షరాలకి యాప్ ఉంది, ట్యాబ్ ఉంది, పిల్లలే నొక్కుకుంటారు అని చూపించారు. ఉండనివ్వండి, కాదనను, బొమ్మలు బాగున్నాయి. కానీ ‘మక ఈనద’ అని రాస్తే అది ‘తప్పు’ అని టింగుమంటుంది. ఎన్ని పిల్లలు పెట్టింది అని అడగదు.

డి.ఎడ్. వాళ్లకి ఒక్క పని చెబుతాను. రేపు బోధనాభ్యాసానికి వెళ్లినప్పుడు, రోజూ పావుగంట ఒక పిల్లో పిల్లాడో చెప్పింది చెప్పినట్టు చార్టు మీద రాయండి. వాళ్ల యాసలోనే రాయండి, “మా అయ్య సంతకెళ్లినాడు” అంటే అలాగే రాయండి. పుస్తకం భాషలోకి మార్చకండి, అది తర్వాత. రాసింది వేలు పెట్టి చదివించండి. అది తన మాటే కాబట్టి తప్పకుండా చదువుతారు, అందులో సగం ఊహ, సగం అక్షరం. రోజులు గడిచేకొద్దీ ఊహ తగ్గి అక్షరం పెరుగుతుంది. ఆ చార్టు తీసేయకండి, గోడకి ఉంచండి.

పై అధికారులు ముందు వరుసలో ఉన్నారు కాబట్టి వాళ్లని అడిగేవి రెండే. కాన్పు సెలవు మంజూరు చేసే కాగితం మీదే బదులు టీచరు పేరు కూడా ఉండాలి. ప్రతి బడిలో లోపల గడియ ఉన్న గది ఒకటి ఉండాలి. గడియ ఖర్చు ఎంతో నాకు తెలుసు, మా బడికి నేనే కొన్నాను. (చప్పట్లు) చప్పట్లు కాదండీ, గడియలు పంపండి.

మా పిల్లల రాత పుస్తకాలు కొన్ని ఆ బల్ల మీద పెట్టాను, పేర్లు కనబడకుండా కాగితం అంటించాను. తేదీల వరసలో ఉన్నాయి, జూన్ నుంచి చూడండి, మధ్యలోంచి తెరవకండి. మేక గురించి రాసినది ఆకుపచ్చ అట్ట పుస్తకం. మిమ్మల్ని అడిగేవి ఏవైనా ఉంటే ఇప్పుడే అడగండి, మూడు గంటల బస్సు తప్పితే మాకు మళ్లీ ఐదున్నరకే.